బుడమేరు వరదలు: సహాయ చర్యలు, భూ నిర్వహణపై చర్చ - ఒక పరిశీలన

(ప్రత్యేక వ్యాసం)

విజయవాడ: 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన అతి భారీ వర్షాలకు బుడమేరు పొంగి విజయవాడ నగరంలో సగభాగం జలమయమైన విషయం విదితమే. నగరపాలక సంస్థలోని 64 డివిజన్లకు గాను 32 డివిజన్లు ముంపునకు గురయ్యాయి. అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ, రాజరాజేశ్వరి పేట, జక్కంపూడి తదితర ప్రాంతాల ప్రజలు రోజుల తరబడి నీటి మధ్యనే గడిపారు. రాష్ట్రవ్యాప్తంగా ఈ వర్షాలకు, వరదలకు నలభై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. రాష్ట్రానికి సంభవించిన నష్టాన్ని ప్రాథమికంగా రూ.6,880 కోట్లుగా అంచనా వేసి రాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి నివేదించింది.

ఈ విపత్తు అనంతరం రెండు అంశాలపై విస్తృతంగా చర్చ సాగింది. హెచ్చరిక, రక్షణ, నష్టపరిహారం విషయాల్లో ప్రభుత్వ స్పందన మొదటిది. బుడమేరు ప్రవాహ మార్గంలోని భూముల వినియోగం రెండవది. ఈ రెండింటినీ వేర్వేరుగా చర్చించడం పరిపాటి అయింది. కానీ సహాయం పొందిన కుటుంబమూ, ఆక్రమణదారుగా పేర్కొనబడే కుటుంబమూ అనేక సందర్భాల్లో ఒక్కటే. కనుక ఈ రెండు అంశాలను కలిపి పరిశీలించవలసిన అవసరం ఉన్నది.

బుడమేరు స్వరూపం

మైలవరం పరిసరాల కొండల్లో పుట్టే బుడమేరు విజయవాడ నగరం ఉత్తర భాగం మీదుగా ప్రవహించి కొల్లేరు సరస్సులో కలుస్తుంది. సంవత్సరంలో అధిక కాలం ఈ వాగులో నీరు నామమాత్రంగా ఉంటుంది. కొండ ప్రాంతంలో భారీ వర్షం పడినపుడు కొద్ది గంటల్లోనే ఉధృత రూపం దాలుస్తుంది. బెజవాడ దుఃఖదాయిని అని పెద్దలు దీనిని పిలవడానికి కారణం ఇదే. పదేళ్ళు పొంగని వాగును ప్రజలు మరచిపోవడం సహజం. భూమి రికార్డులు, పట్టణ ప్రణాళిక మరచిపోవడం మాత్రం సమర్థనీయం కాదు.

నగరానికి ముంపు తప్పించేందుకు వెలగలేరు వద్ద రెగ్యులేటర్ నిర్మించి, అక్కడి నుంచి వరద నీటిని మళ్ళింపు కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణా నదిలోకి పంపే ఏర్పాటు చేశారు. ఈ నీరు ప్రకాశం బ్యారేజీకి ఎగువన నదిలో కలుస్తుంది. 2015 నుంచి పట్టిసీమ ద్వారా వచ్చే గోదావరి జలాలు కూడా పోలవరం కుడి కాలువ మీదుగా ఇదే మార్గంలో కృష్ణకు చేరుతున్నాయి. అనగా, ఒకే కాలువ సాగునీటి అవసరానికీ, వరద మళ్ళింపునకూ ఉపయోగపడుతున్నది.

ఈ ఏర్పాటులో ఒక పరిమితి ఉన్నది. కృష్ణా నది సాధారణ స్థాయిలో ఉన్నంతవరకు మళ్ళింపు కాలువ సక్రమంగా పనిచేస్తుంది. నది కూడా పొంగినపుడు కాలువ నీరు నదిలోకి పోవడానికి అవకాశం తగ్గి వెనక్కి ఎగదన్నుతుంది. అప్పుడు నీటికి మిగిలేది పాత దారి ఒక్కటే. ఆ పాత దారిలోనే నేడు నగరంలోని కాలనీలు ఉన్నాయి.

రెండు వరదలు ఒకేసారి

2024 సెప్టెంబరు తొలి రోజుల్లో జరిగింది ఇదే. సెప్టెంబరు 2వ తేదీన ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణా వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. 2009 అక్టోబరులో నమోదైన 11.10 లక్షల క్యూసెక్కుల రికార్డును ఇది అధిగమించింది. ఎగువ నుంచి కొట్టుకువచ్చిన పడవలు ఢీకొని బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. ఇదే సమయంలో బుడమేరు మళ్ళింపు కాలువ ఎడమ గట్టుకు కవులూరు, శాంతినగర్ పరిసరాల్లో మూడు చోట్ల గండ్లు పడ్డాయి. వెలగలేరు రెగ్యులేటర్ నుంచి వదిలిన నీరు, గండ్ల ద్వారా వచ్చిన నీరు కలసి నగరం వైపు మళ్ళాయి.

ఇక్కడ ఒక వ్యత్యాసాన్ని గమనించవలసి ఉన్నది. కృష్ణలంక ప్రాంతంలో నది వెంబడి దశలవారీగా, వేర్వేరు ప్రభుత్వాల కాలంలో నిర్మించిన రక్షణ గోడ చరిత్రలోనే అత్యధిక వరదను తట్టుకొని నిలిచింది. ప్రతి ఏటా ముంపునకు గురయ్యే ఆ ప్రాంతానికి పెద్ద ముప్పు తప్పింది. నదిని అందరూ గమనిస్తూ వచ్చారు. వాగు మాత్రం పెద్దగా ఎవరి దృష్టిలోనూ లేకుండా పోయింది.

సహాయ, పునరావాస చర్యలు

విపత్తు సంభవించిన వెంటనే ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబు నాయుడు విజయవాడలోని ఎన్టీఆర్ జిల్లా కలెక్టరేట్‌లోనే బస చేసి సహాయ చర్యలను పర్యవేక్షించారు. జాతీయ విపత్తు స్పందన దళం సిబ్బంది, హెలికాప్టర్లు, పడవలు రంగంలోకి దిగాయి. పడవలు వెళ్ళలేని వీధుల్లో ఆహార పొట్లాలు, మంచినీరు చేరవేయడానికి డ్రోన్లను వినియోగించడం జరిగింది. గండ్లు పూడ్చే పనులను జలవనరుల శాఖ మంత్రి శ్రీ నిమ్మల రామానాయుడు గట్టుపైనే ఉండి పర్యవేక్షించారు. సైన్యం సహకారంతో మూడవ గండిని సెప్టెంబరు 7వ తేదీన పూడ్చివేశారు. నీరు తగ్గిన తరువాత ఇతర మునిసిపాలిటీల నుంచి పారిశుద్ధ్య సిబ్బందిని రప్పించి, అగ్నిమాపక వాహనాలతో ఇళ్ళలోని బురదను కడిగించారు.

విజయవాడలోని 179 సచివాలయాల పరిధిలో నష్టాల లెక్కింపు జరిపి, ముంపునకు గురైన ఇంటి కింది అంతస్తులోని కుటుంబానికి రూ.25,000, మొదటి అంతస్తు, ఆపైన ఉన్నవారికి రూ.10,000 వంతున ప్రకటించారు. వరి రైతుకు హెక్టారుకు రూ.25,000 చొప్పున పెట్టుబడి రాయితీ నిర్ణయించారు. సెప్టెంబరు 25వ తేదీన సుమారు 4 లక్షల మంది బాధితులకు రూ.600 కోట్లకు పైగా మొత్తాన్ని బ్యాంకు ఖాతాల్లో జమ చేయడం ప్రారంభమైంది. అక్టోబరు 1వ తేదీన కేంద్ర ప్రభుత్వం విపత్తు స్పందన నిధి కింద ఆంధ్రప్రదేశ్‌కు రూ.1,036 కోట్లు విడుదల చేసింది.

నెల తిరగకముందే ఇంత మందికి సహాయం అందించడం పరిపాలనాపరంగా చిన్న విషయం కాదు. అయితే తొలి రెండు రోజుల్లో లోపలి వీధులకు ఆహారం, తాగునీరు సకాలంలో చేరలేదన్న ఫిర్యాదులు వచ్చిన మాటా నిజమే. లెక్కింపులో తమ పేర్లు నమోదు కాలేదని పలువురు దరఖాస్తు చేసుకున్నారు. సహాయ చర్యల మదింపులో ఈ రెండు పార్శ్వాలనూ నమోదు చేయడం సముచితం.

చర్చలో వినిపించిన వాదనలు

రెగ్యులేటర్ నుంచి నీరు వదిలే ముందు దిగువ ప్రజలను తగిన విధంగా హెచ్చరించలేదని ప్రతిపక్షం విమర్శించింది. గత అయిదేళ్ళలో గట్ల పటిష్ఠత పనులను నిర్లక్ష్యం చేసినందువల్లే గండ్లు పడ్డాయని ప్రభుత్వ పక్షం పేర్కొన్నది. వాగు గర్భంలోనూ, గట్లపైనా వెలసిన కట్టడాలే మూలకారణమని మూడవ వాదన వినిపించింది. ఆక్రమణల తొలగింపు, వాగు వెడల్పు, గట్ల పటిష్ఠత లక్ష్యంగా 'ఆపరేషన్ బుడమేరు' చేపట్టనున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది. 2024 జులైలో హైదరాబాద్‌లో 'హైడ్రా' ఏర్పాటై చెరువుల్లోని కట్టడాలను తొలగిస్తున్న తరుణం కావడంతో, విజయవాడలోనూ అదే పద్ధతి అనుసరిస్తారా అనే ప్రశ్న తలెత్తింది. సింగ్‌నగర్ వంటి ప్రాంతాల పేదల్లో ఆందోళన కలిగింది.

హెచ్చరిక విషయంలో కృష్ణా డెల్టాకు గత అనుభవం లేకపోలేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు 10 వేల మంది మరణించిన తరువాత తీర గ్రామాల్లో తుపాను రక్షిత భవనాలు, సరుగుడు తోటల రక్షణ వలయాలు, ముందస్తు హెచ్చరిక ఏర్పాట్లు రూపుదిద్దుకున్నాయి. తుపాను సంకేతాలు తీరంలోని మత్స్యకారునికి కంఠతా వచ్చు. కానీ వెలగలేరు గేట్లు ఎత్తితే నగరంలో ఏ వీధికి ఎంతసేపట్లో నీరు చేరుతుందో చెప్పే ఏర్పాటు నగరవాసికి అలవాటు కాలేదు. సముద్రం నుంచి వచ్చే ముప్పుకు జరిగిన కృషి, వాగు నుంచి వచ్చే ముప్పుకు జరగలేదు.

భూమి ఎవరి పేరున ఉన్నది?

'ఆక్రమణ' అనే ఒక్క మాట కింద భిన్నమైన పరిస్థితులు చేరిపోతున్నాయి. అధికారులు, పాత్రికేయులు ఈ తేడాను గుర్తించడం ఎంతైనా అవసరం.

వాగు పోరంబోకులో ఏ పత్రమూ లేకుండా వేసుకున్న ఇళ్ళు ఒక తరగతి. ప్రభుత్వమే పట్టా ఇచ్చిన స్థలాల్లోని ఇళ్ళు రెండవ తరగతి. ప్రైవేటు పట్టా భూమి లేఅవుట్‌గా మారి, రిజిస్ట్రేషన్, ఇంటి పన్ను, కరెంటు, కుళాయి కనెక్షన్ అన్నీ పొందిన ఇళ్ళు మూడవ తరగతి. ప్రభుత్వం తానే నిర్మించి ఇచ్చిన కాలనీలు నాల్గవ తరగతి. వంతెనలు, రోడ్లు, రైలు కట్టలు, కాలువల కట్టడాలు వంటి ప్రభుత్వ నిర్మాణాలు అయిదవ తరగతి. ఎనికేపాడు వద్ద సాగునీటి కాలువల కింద బుడమేరు సాగిపోయే అండర్ టన్నెల్ ఇందుకు ఉదాహరణ. దాని సామర్థ్యానికి మించి వచ్చిన నీరు ఎగువనే నిలిచిపోతుంది.

నాల్గవ తరగతిని ప్రత్యేకంగా ప్రస్తావించాలి. వాంబే కాలనీ అనే పేరే ఒక ప్రభుత్వ పథకం పేరు. 2001 డిసెంబరులో కేంద్రం ప్రారంభించిన వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన పొట్టి రూపమే వాంబే. జక్కంపూడిలోని బహుళ అంతస్తుల గృహాలు 2005 డిసెంబరులో ఆరంభమైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం కిందివి. మురికివాడల నుంచి, కాలువ గట్ల నుంచి మెరుగైన నివాసానికి అని చెప్పి ప్రభుత్వం తరలించిన కుటుంబాలు ఈ కాలనీల్లో ఉన్నాయి. 2024లో నీరు ఈ కాలనీలను కూడా వదలలేదు. చౌకగా లభించే పల్లపు భూమినే పేదల ఇళ్ళకు కేటాయించే అలవాటు ఏ ఒక్క ప్రభుత్వానిదీ కాదు, ఏ ఒక్క దశాబ్దానిదీ కాదు. కనుక ముంపు ప్రాంతంలో నివసించడం బాధితుల తప్పిదంగా చిత్రించడం వాస్తవ విరుద్ధం.

కొండవాలు ప్రాంతాల విషయమూ ఇటువంటిదే. అదే ఆగస్టు 31వ తేదీన నగరంలోని మొగల్రాజపురంలో కొండచరియలు విరిగి ఇళ్ళపై పడి పలువురు మరణించారు. నగరంలో సమతలమైన భూమి ధర అందని కుటుంబాలు ఒకవైపు కొండ ఎక్కాయి, మరొకవైపు వాగులోకి దిగాయి.

చట్టం ఏమి చెబుతోంది?

1905 నాటి భూ ఆక్రమణల చట్టం ప్రకారం ప్రభుత్వ భూమి నుంచి తొలగించే ముందు 7వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి, సంజాయిషీ పరిశీలించి, 6వ సెక్షన్ కింద ఉత్తర్వు జారీ చేయాలి. 2012లో జారీ అయిన భవన నిర్మాణ నిబంధనలు పది మీటర్లకు మించి వెడల్పు ఉన్న వాగులు, కాలువల సరిహద్దు నుంచి 9 మీటర్ల మేర నిర్మాణాలను నిషేధించాయి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం సైతం జలవనరుల రక్షణ బాధ్యతను అధికార యంత్రాంగంపై ఉంచింది. నిబంధనల కొరత లేదు. సరిహద్దు ఎక్కడ అన్నదే తేలలేదు. వాగు హద్దు నేలమీద నిర్ణయించనపుడు 9 మీటర్లను ఎక్కడి నుంచి కొలవాలి?

2024 నవంబరు 13న సుప్రీంకోర్టు కట్టడాల కూల్చివేతలపై ఇచ్చిన తీర్పులో కనీసం 15 రోజుల నోటీసు తప్పనిసరి చేసింది. అయితే రోడ్లు, నదులు, జలవనరులు వంటి బహిరంగ ప్రదేశాల్లోని అనధికార కట్టడాలకు ఆ మార్గదర్శకాలు వర్తించవని పేర్కొన్నది. ఈ మినహాయింపును ఆధారం చేసుకొని తొందరపడే అవకాశం ఉన్నది. ప్రభుత్వం పట్టా ఇచ్చిన ఇంటిని, అనుమతి ఇచ్చిన లేఅవుట్‌ను 'అనధికార కట్టడం' అనడం సులభం కాదు. ప్రజా ప్రయోజనం కోసం అటువంటి భూమి అవసరమైతే 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం, పునరావాసం కల్పించవలసి ఉంటుంది. రక్షణ ఎక్కువ ఉన్నవారిని వదిలి, పత్రం లేని పేదవానినే ముందుగా తొలగిస్తే వాగు వెడల్పు పెరగదు, అన్యాయం మాత్రం పెరుగుతుంది.

దిగువన కొల్లేరు

నగరంలో వాగును వెడల్పు చేసినంత మాత్రాన సమస్య పరిష్కారం కాదు. నీరు చివరకు కొల్లేరుకు చేరాలి. అక్కడి నుంచి ఉప్పుటేరు ద్వారా సముద్రంలోకి పోవాలి. 1964 వరదల అనంతరం నియమితమైన మిత్రా కమిటీ డెల్టా మురుగునీటి పారుదల వ్యవస్థను సమగ్రంగా పరిశీలించింది. నాటి నుంచి నేటి వరకు నిపుణులు చెబుతున్నది ఒకటే. దిగువన దారి లేకుండా ఎగువన దారి వెడల్పు చేయడం ముంపును ఒక ఊరి నుంచి మరొక ఊరికి తరలించడమే.

కొల్లేరులో అయిదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా గుర్తింపు లభించింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు చేపల చెరువుల గట్లను పెద్ద ఎత్తున తొలగించారు. తరువాతి సంవత్సరాల్లో పలుచోట్ల గట్లు మళ్ళీ వెలిశాయి. తొలగించిన చోట ఆ భూమికి వేరొక వినియోగం, అక్కడి కుటుంబాలకు వేరొక జీవనాధారం నిలకడగా కల్పించనిదే తొలగింపు శాశ్వతం కాదనడానికి కొల్లేరు నిదర్శనం. ఆపరేషన్ బుడమేరుకు ఇంతకంటే దగ్గరి పాఠం మరొకటి లేదు.

ఇతర దేశాల అనుభవం

విపత్తు అనంతరం భూ వినియోగంపై వివాదం మనకే పరిమితం కాదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 2009 ఫిబ్రవరి 7న చెలరేగిన కార్చిచ్చులో 173 మంది మరణించారు. హెచ్చరికల లోపం, అడవి అంచున ఇళ్ళ నిర్మాణం, భూమిపై ఎండుటాకుల నిర్వహణ వంటి అంశాలపై అక్కడా తీవ్ర చర్చ జరిగింది. విచారణ జరిపిన రాయల్ కమిషన్ 2010లో సమర్పించిన నివేదికలో, అత్యంత ప్రమాదకర ప్రాంతాల్లోని భూములను యజమానుల ఇష్టపూర్వకంగా ప్రభుత్వం కొనుగోలు చేసే పథకాన్ని సిఫార్సు చేసింది. నిప్పు దారి అయినా, నీటి దారి అయినా మనుషులు ఖాళీ చేయాలంటే ఖర్చును సమాజం మొత్తం పంచుకోవాలన్నదే దాని సారాంశం.

నెదర్లాండ్స్‌లో 1993, 1995 వరదల అనంతరం గట్లను మరింత ఎత్తు చేసే పద్ధతికి భిన్నంగా నదికి చోటు విడిచే కార్యక్రమం అమలు చేశారు. నైమేఖన్ నగరం వద్ద గట్టును 350 మీటర్లు వెనక్కి జరిపి, సుమారు 50 గృహాలను తరలించారు. ఆ దేశ ఆర్థిక స్థోమత, జనసాంద్రత వేరు. అయినా వెనక్కి జరగవలసిన గీతను ముందుగా ప్రకటించి, ఆ తరువాతే ఇళ్ళ విషయానికి వచ్చిన క్రమం మనకు కూడా ఆచరణీయమే.

చేయవలసినది

పై అంశాల నుంచి తేలే విషయం స్పష్టం. సహాయం రోజుల్లో జరిగే పని. భూమి సరిదిద్దడం ఏళ్ళ తరబడి సాగే పని. మొదటిది ఎంత చక్కగా జరిగినా రెండవదానికి ప్రత్యామ్నాయం కాలేదు. నీటి హద్దు నిర్ణయంతోనే ఈ పని ఆరంభం కావాలి. 2024 సెప్టెంబరులో నీరు ఎంతవరకు వచ్చిందో ప్రతి వీధిలో గోడలపై మరకలు చూపించాయి. లెక్కింపులో పాల్గొన్న సచివాలయాల వద్ద ఇంటింటి వివరాలు చేరాయి. ఈ వివరాలను పరిహారం చెల్లింపుతో ముగించకుండా, పాత సర్వే పటాలు, క్షేత్ర కొలతల పుస్తకాలతో సరిపోల్చి ముంపు పటంగా రూపొందించి వార్డు సచివాలయాల్లో ప్రదర్శించవచ్చు. ఆ పటంలో పోరంబోకుగా తేలిన భూములు రిజిస్ట్రేషన్ నిషేధిత 22-ఏ జాబితాలో ఉన్నదీ లేనిదీ రెవెన్యూ, రిజిస్ట్రేషన్ శాఖలు ఉమ్మడిగా సరిచూడాలి. మునుముందు ఇచ్చే ఇళ్ళ పట్టా గానీ, లేఅవుట్ అనుమతి గానీ, ప్రభుత్వ కాలనీ గానీ ఈ పటాన్ని చూడకుండా మంజూరు కారాదు. ఈ నియమం ప్రైవేటు వ్యక్తులకంటే ముందుగా ప్రభుత్వ శాఖలకే వర్తించాలి.

తొలగింపు అనివార్యమైన చోట, తరగతుల వారీ జాబితా ముందుగా ప్రకటించి, ప్రత్యామ్నాయ గృహం చూపిన తరువాతే చర్య తీసుకోవడం న్యాయం. ఆ గృహం మరొక పల్లంలో ఉండరాదన్నది చెప్పనవసరం లేదు.

పాత్రికేయ మిత్రులు తమ కథనాల్లో 'ఆక్రమణ' అని రాసే ముందు ఆ భూమి ఏ తరగతికి చెందుతుందో విచారించినట్లయితే చర్చకు ఎంతో మేలు కలుగుతుంది. అధికారులు ఆ వివరం అడిగిన వెంటనే ఇవ్వగల స్థితిలో ఉండాలి. వర్షాకాలం ముగిసి వాగు ఎండిపోయిన నెలల్లో ఈ పని ఎంతవరకు సాగిందన్నదే 2024 వరదలపై ప్రభుత్వ స్పందనకు అసలైన కొలమానం.